ఒక కార్డు మీద పది చేతులు

నేను సెన్సర్లను చంపి జీతం తీసుకుంటాను. పేరు భూలక్ష్మి, ఊరు నిజామాబాద్, ఉద్యోగం హైదరాబాద్ శివార్లలో.

మా కంపెనీ బస్సులకు స్టీరింగులు, ఫ్యాక్టరీలకు ఇనుము సాగగొట్టే ప్రెస్సులు చేస్తుంది. తన చెయ్యి ఎక్కడుందో తనకే తెలియని యంత్రం ఎందుకూ కొరగాదు. స్టీరింగు ఎంత తిరిగింది, ప్రెస్సు ఎంత కిందికి దిగింది అనే కబురు ఎప్పటికప్పుడు చెప్పేది పొజిషన్ సెన్సర్. అది ఒక్కసారి అబద్ధం చెబితే బస్సు లోయలో ఉంటుంది, లేదా మనిషి చెయ్యి ప్రెస్సు కింద ఉంటుంది. అందుకని ఎవరు ఏ సెన్సర్ తెచ్చినా ముందు నా గదికి రావాలి. ఓవెన్‌లో ఉడికిస్తాను, ఊగే బల్లకు బిగించి కుదిపేస్తాను, నూనెలో ముంచుతాను, బురద నీళ్లతో కొడతాను. వెలుతురుతో కొలిచేది నూనె మసికి గుడ్డిదవుతుంది. అయస్కాంతంతో కొలిచేది వేడెక్కగానే మాట మారుస్తుంది. రాసుకుంటూ కొలిచేది అరిగి చస్తుంది. తీగచుట్టలతో చేసినవి మాత్రం మొండివి, ఓ పట్టాన చావవు. కానీ అవి లావుగా ఉంటాయి, ప్రతి షిఫ్టులో కాసేపు మెషీన్ ఆపి సరిచూసుకోవాలి. మెషీన్ ఆగడమంటే మా డైరెక్టర్ ఫణీంద్ర గారికి ప్రాణం పోయినట్టుంటుంది.

నేను ఎంత హింసించినా చావని సెన్సర్‌ను చివరికి ఆయనే తెచ్చాడు. 'హస్త' అని పేరు పెట్టారు. చింతగింజంత ఉంటుంది గనక కింద పనిచేసే మేమంతా గింజ అనే అంటాం.

ఒకసారి కళ్లు మూసుకుని మీ ముక్కు ముట్టుకోండి. వేలు తిన్నగా వెళ్తుంది. ఎవరూ దారి చూపలేదు, అయినా ఒంటికి తెలుసు. ఆ తెలివి మన కండరాల్లో, నరాల్లో ఉంటుంది. మా ల్యాబులో నరాల కణాలు పెంచి గింజలో నింపారు. పుట్టీపుట్టని కణాలకు ఏం తెలుస్తుంది? అందుకని పనితెలిసిన మనిషి చేతికి సన్నటి వల లాంటి గ్లౌజు తొడిగి, దానికి గింజను కలుపుతారు. కొన్ని రోజుల్లో గింజ ఆ చేతి దగ్గర నేర్చుకుంటుంది. నేర్చాక దాన్ని ఓవెన్‌లో కాలుస్తారు. కాల్చిన గింజ రాయి లాంటిది, అందులోది ఇక అందులోనే ఉంటుంది.

ఎవరి చేతులు కావాలి? చూడకుండా పనిచేసే చేతులు. ఫణీంద్ర గారు దేశమంతా వెతికి మా ఊరి బీడీల వాడకు వచ్చాడు. అక్కడి ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని, టీవీలో సీరియల్ చూస్తూ, కోడలిని తిడుతూ బీడీలు చుడతారు. తునికాకు, తంబాకు, దారం. కళ్లకు ఆ పనితో సంబంధం ఉండదు. నేను పుట్టింది ఆ చాటల మధ్యే. మా గంగామణి అక్క ఇప్పటికీ అక్కడే చుడుతుంది. గ్లౌజు తొడుక్కుని చుడితే కంపెనీ ఇంకాస్త ఇస్తుందంటే అక్క రెండో బ్యాచ్‌లో చేరింది. మొదటి బ్యాచ్ వాళ్లను పరీక్షించిన రిపోర్టు నేనూ చూశాను. చేతుల్లో కాస్త మొద్దుబారడం, అది కూడా తెలిసీ తెలియనంత. మంచిదే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం నేర్చుకోవడం అయిపోయి, ఇంకా కాల్చని గింజ ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. పరీక్షలకు వాడే పాత గ్లౌజును స్టాండుకు తొడగడానికి బద్ధకించి నా చేతికే తొడుక్కున్నాను. తీగలు తిరగేసి కలిపానని అప్పుడు చూసుకోలేదు. స్క్రీన్ మీద మరేవో లెక్కలు చూసుకుంటూ ఉండిపోయాను. కాసేపటికి చూస్తే నా వేళ్లు బల్ల మీదున్న చాక్లెట్ కాగితాన్ని చుడుతున్నాయి. ఒక కొస సన్నం, ఒక కొస వెడల్పు, మూతి లోపలికి మడిచి, గోటితో నొక్కి. చిన్నప్పుడు ఎంత నేర్పినా నాకు బీడీ చుట్టడం రాలేదు. ఆకు పాడుచేస్తున్నానని అక్క నా చేతి మీద కొట్టేది. ఇప్పుడు నా వేళ్లు అచ్చం కార్ఖానాలో పాసయ్యే బీడీ చుట్టాయి.

నవ్వొచ్చింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే గింజ రీడింగు చూశాను. అది చచ్చిపోయింది. చెడిపోవడం కాదు, అప్పుడే పుట్టినదానిలా ఖాళీగా ఉంది.

కాగితానికి నకలు తీస్తే అసలు కాగితం మీది అక్షరాలు మాయమవుతాయా? గింజలోది నాకు వచ్చి గింజ ఖాళీ అయిందంటే అది నకలు కాదు, తరలిపోవడం. తీగలు తిరగేస్తే ఇటు వచ్చింది. మరి సరిగా కలిపినప్పుడు ఎటు పోయినట్టు? నేర్చుకోవడం అని ఏ పెద్దమనిషి పేరు పెట్టాడో గానీ, మా వాడలో దాన్ని దొంగతనం అంటారు. గింజ మీద పేరు లేదు, నంబరే ఉంది. ఎవరో తల్లి చెయ్యి నా చేతిలోకి వచ్చి కూర్చుంది, ఆమె ఎవరో కూడా నాకు తెలియదు.

ఆదివారం పొద్దున్నే నిజామాబాద్ వెళ్లాను.

అక్క పెరట్లో తలంటుకుంటోంది. కుంకుడు నురగ మొహం మీదికి కారుతోంది, కళ్లు గట్టిగా మూసుకుంది. చెంబుతో నీళ్లు ముంచి పైకెత్తింది. చెయ్యి చెవి దాకా వచ్చి ఆగింది. తర్వాత గాలికి కొట్టుకుపోతున్నట్టు పక్కకు జరిగి, నీళ్లన్నీ బండ మీద పోసింది. అక్క తల వంచుకుని నీళ్ల కోసం ఎదురుచూస్తూ అలాగే కూర్చుంది.

"నీళ్లు పడ్తలేవేందే" అంది తనలో తను.

కుంకుడు మండుతుండగానే కళ్లు తెరిచింది. తన చేతిని తనే వెతుక్కుంది. దాన్ని చూస్తూ, చూస్తూ, తల మీదికి తెచ్చుకుంది. అప్పుడు నన్ను చూసింది.

"ఎప్పటి సంది అక్కా?"

"దసరా పోయినంక సురువైంది. కండ్లు తెరిస్తె చెప్పినట్టు వింటది. మూస్తె యాడికో పోతది."

"కంపెనీ వాళ్లకు చెప్పినవా?"

"చెప్పిన. ఆరాం జెయ్యి, అదే వస్తదన్నరు." తల తుడవడానికి నేను టవల్ అందుకుంటే ఒద్దంది, మళ్లీ తనే ఇచ్చేసింది. "ముద్ద నోటికని లేపితే చెంపకు తాకుతదే. నలుగుర్ల తినబుద్ధయితలేదు. బీడీ సంగతి అడగకు. ఒక్కొక్క వేలును చూసుకుంట చుట్టాలె. పొద్దంత కూసున్నా ఒక్క కట్ట ఎల్తలేదు."

మా అక్క చేతులు. పంచాంగం చదివినట్టు గడగడా పనిచేసే చేతులు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరినైనా కొట్టాలనిపించింది, కొట్టడానికి అక్కడ ఎవరూ లేరు.

"మొదటి బ్యాచ్‌ల ఎవ్వరికీ ఇట్ల కాలేదు గదా" అన్నాను.

గోడ అవతలి నుంచి సాయవ్వ పెద్దమ్మ అందుకుంది. ఆమె మొదటి బ్యాచ్ మనిషి. "ఎట్లయితది బిడ్డా? అప్పుడు గ్లౌజు ఒక్కదాని చేతికే ఉన్నదా? పేరు నాది. నేను జరసేపు, నా కోడలు జరసేపు, షాహెదా జరసేపు, మీ అక్క సుత రెండు దినాలు తొడిగింది. బీడీ కార్డు లెక్కనే గద."

అంతా అర్థమైంది. కార్ఖానా కూలి లెక్క రాసే బీడీ కార్డు ఒకరి పేరు మీదే ఉంటుంది. చుట్టేది మాత్రం ఇంటిల్లిపాదీ. అత్త ఆకు కత్తిరిస్తుంది, కోడలు చుడుతుంది, ముసలమ్మ మూతులు మడుస్తుంది, పక్కింటామె తీరిగ్గా ఉంటే ఆమె ఓ చెయ్యి వేస్తుంది. కార్ఖానాలో ఒక్క పేరు పిలుస్తారు. ఈ వాడలో ఎవరికీ అందులో వింతేమీ లేదు. గ్లౌజునూ అలాగే వాడుకున్నారు. ఒక గింజకు కావలసింది పదిమంది దగ్గర తలా కాస్త పోయింది. కంపెనీ డాక్టర్ వచ్చి పేరున్న మనిషిని ఒక్కదాన్నే పరీక్షించి, నష్టం ఏమీ లేదని రాసుకుపోయాడు.

"రెండోసారి అట్ల కుదర్లే" అంది సాయవ్వ. "గ్లౌజుకు తాళం బెట్టిన్రు. ఒక్కదాని నాడికే కలుస్తదట. వేరేటోల్లు తొడిగితే కుయ్యిమంటది."

రెండో బ్యాచ్‌లో ఆడవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో గింజను ఒంటరిగా నింపారు. అందులో మా అక్క ఒకతి.

సోమవారం నేను నేరుగా ఫణీంద్ర గారి గదికి వెళ్లాను. ఆయన మంచి మాటకారి, చదువుకున్నవాడు, ఆఫీస్ బాయ్‌ని కూడా మీరు అంటాడు. ఆ మర్యాద చూసే ఇన్నాళ్లూ ఆయన్ని గౌరవించాను.

"ప్రతి సైన్సుకూ కొంత సైడ్ ఎఫెక్ట్ ఉంటుంది లక్ష్మి గారూ" అన్నాడు అంతా విని. "వాళ్లకు చదివి వినిపించాం, సంతకాలు తీసుకున్నాం. మీ అక్కగారికి మంచి న్యూరాలజిస్టును చూపిద్దాం."

"న్యూరాలజిస్టు ఏం చేస్తాడు సార్? ఆమెకు జబ్బు లేదు. ఆమె చెయ్యి మన దగ్గర ఉంది. ఆమె గింజ ఇవ్వండి, తిరిగి ఎక్కిస్తాను."

ఆయన కంప్యూటర్‌లో చూశాడు. "కాల్చేశాం. ఘాట్ రోడ్డు ట్రయల్ బస్సులో ఉంది. ఎంత అద్భుతంగా పనిచేస్తోందో తెలుసా? ఇంతవరకు ఒక్క తప్పు లేదు."

ఎందుకుంటుంది తప్పు? పాతికేళ్లు బీడీలు చుట్టిన చెయ్యి అది. కొండ మలుపుల్లో బస్సును తిన్నగా నడిపిస్తోంది, ఇక్కడ దాని యజమాని అన్నం ముద్దను చెంపకు పూసుకుంటోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు గానీ, మా అక్కకు పట్టుకోవడానికి చేతులే మిగల్లేదు.

"తాళం ఎందుకు పెట్టారు సార్?" అని అడిగాను.

"ఒకరి గ్లౌజు ఇంకొకరు తొడుగుతున్నారు. నాడి రికార్డుల్లో బయటపడింది. పని ఎగ్గొడుతున్నారని..."

ఆయన ఆగిపోయాడు. ఆగాల్సిన చోటు దాటాక ఆగాడు.

"అంటే మొదటి బ్యాచ్ రిపోర్టు పదిమంది మీద పంచిన నష్టమని మీకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా ఆ రిపోర్టే చూపించి, ఒక్కొక్కరికి తాళం వేశారు."

తేలు కుట్టిన దొంగలా పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ జరిపాడు. తర్వాత మళ్లీ మర్యాద తెచ్చుకున్నాడు. "వచ్చే వారం బస్సుల వాళ్లు వస్తున్నారు. సెన్సర్ ఎంపిక మీద మీ సంతకం లేకపోతే ఆర్డర్ కదలదు. మీరు కోపంలో ఉన్నారు. ఓ వారం సెలవు తీసుకోండి."

తీసుకున్నాను. సెలవుతో పాటు ల్యాబులో నుంచి ఒక ఖాళీ గింజ, ఒక గ్లౌజు కూడా తీసుకున్నాను. తాళం నేనే ఊడబెరికాను. దొరికితే ఉద్యోగం పోతుందని తెలుసు. నా చేతిలో చేరిన ఆ పేరులేని ఆవిడది ఇందులోకి ఎక్కించి అక్కకు ఇద్దామని నా ఆలోచన. అంతకుమించి ఏం చేయాలో నాకు తోచలేదు.

అక్క ఇంటి అరుగు మీద కూర్చుని అదంతా వాళ్లకు చెప్పాను. సాయవ్వ, షాహెదా, ఇంకా నలుగురైదుగురు చాటలు ముందేసుకుని విన్నారు. వింటూ చుడుతూనే ఉన్నారు.

"మరి నీ ఒక్కదానిది సరిపోతదా?" అంది షాహెదా.

"సరిపోదు. ఎంతో కొంత."

"అయితే మాదీ తీస్కో. తలా ఇంత ఇస్తం. మొదలు అట్లనే జేసినం, మాకేమన్న అయిందా?"

నాకు కోపం ఆగలేదు. "మళ్లా మీరేనా? పోగొట్టింది కంపెనీ, కట్టుకునేది మీరా? ఎంతకాలం ఇట్ల మీ ఒంట్లకెల్లే తీసి ఇచ్చుకుంటరు? ఆయన చేతుల్లకెల్లి తెస్త నేను."

"తేపో" అంది సాయవ్వ, దారం కొరుకుతూ. "నువ్వు కొట్లాడి తెచ్చేదాంక గంగామణి ఏం తినాలె? కొట్లాట నీది, నువ్వు కొట్లాడు. బువ్వ మాది. గ్లౌజు ఇటు తే."

అక్క వద్దంది. ఏడ్చింది. నా పాపం మీకెందుకని అంది. సాయవ్వ ఆమె మాట వినిపించుకోలేదు, గ్లౌజు లాక్కుని తొడుక్కుని, ఆకు తీసి చుట్టడం మొదలుపెట్టింది.

ముందు నా చేతిలో చేరినదానితో పాటు నాదీ కాస్త కలిపాను. తర్వాత గ్లౌజు అరుగులు మారింది. సాయవ్వ నుంచి షాహెదాకు, షాహెదా నుంచి ఎదురింటి వాళ్లకు. ఎవరి పని వాళ్లు చేసుకుంటూనే తొడుక్కున్నారు. పప్పు రుబ్బుతూ ఒకామె, బట్టలు పిండుతూ ఒకామె, బిడ్డకు జడ వేస్తూ ఒకామె. అన్ని చేతుల తెలివీ ఆ చింతగింజలోకి చేరింది. మూడో రోజు అది నిండిందని తెలిశాక తీగలు తిరగేసి అక్క చేతికి తొడిగాను.

నాలుగో రోజుకు అక్క పెరట్లో తలంటుకుంది. కళ్లు మూసుకుని చెంబు ఎత్తింది. చెయ్యి చెవి దాకా వచ్చి తటపటాయించింది. నీళ్లు తల మీదే పడ్డాయి. కాస్త పక్కకు, కానీ తల మీదే.

"సాయవ్వ లెక్క వంకర పోస్తున్నా" అని నవ్వింది అక్క. ఆ పూట అందరి మధ్యా కూర్చుని అన్నం తిన్నది.

నేను మాత్రం నవ్వలేకపోయాను. సాయవ్వ టీ గ్లాసు అరుగు అంచున సగం బయటికి పెట్టి, పడబోతుంటే పట్టుకుంది. షాహెదా సూదిలో దారం ఎక్కించడానికి ఇంకోసారి ప్రయత్నించింది. నేను లైటు వేయబోతే వేలు స్విచ్చు పక్క గోడను తాకింది. తెలిసీ తెలియనంత. డాక్టర్ వచ్చి చూస్తే, నష్టం ఏమీ లేదని రాసుకుపోయేంత.

నేను డ్యూటీలో చేరిన రోజే ఫణీంద్ర గారు పిలిచారు. కంపెనీ నర్సు వాడకు వెళ్లి అక్కను పరీక్షించి వచ్చింది. ఏం జరిగిందో ఆరా తీసింది కూడా. గింజ దొంగతనానికి నా ఉద్యోగం ఊడుతుందని నేను సిద్ధపడే వెళ్లాను. తీగచుట్టల సెన్సర్‌ను ఎంపిక చేస్తూ, హస్త మనుషులను దోచి తయారవుతోందని కారణం రాసి, సంతకం పెట్టిన కాగితం నా చేతిలో ఉంది.

ఆయన కోప్పడలేదు. కుర్చీలోంచి లేచి ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"లక్ష్మి గారూ, మీరు మా సమస్య తీర్చేశారు. పంచితే నష్టం కనపడదు. మేము తాళం పెట్టి తప్పు చేశాం. గింజకు పదిమంది. అంతే. ఎవరికీ ఏమీ కాదు. వాళ్లంతట వాళ్లే చేసి చూపించారు కదా. ఒక్క నిజామాబాద్ ఏమిటి, ఎన్ని ఊళ్లు, ఎన్ని వాడలు. మీ ఎంపిక కాగితం ఒక్కటి మార్చి ఇవ్వండి."

నా కళ్ల ముందే సాయవ్వ తన ఒంట్లోది తీసి మా అక్కకు పెట్టింది. అది చూసి వీడికి దొరికిన పాఠం ఇది. ఆకలైన మనిషికి పక్కింటివాళ్లు తలా ముద్ద పెడితే, అయితే ఈ వాడలో అందరి కంచాల్లోంచీ తలా ముద్ద ఎత్తుకోవచ్చని లెక్క కట్టాడు.

"గింజకు ఒకళ్లా పదిమందా అన్నది కాదు సార్. ఇవాళ పదిమందిలో తలా కాస్త. రేపు ఇంకో గింజకు మళ్లీ ఆ పదిమందే. ఎన్ని గింజల దాకా కనపడదు?"

"అది మానిటర్ చేస్తాం."

"మొదటి బ్యాచ్‌ను చేసినట్టా?"

నేను సంచిలోంచి గ్లౌజు తీసి బల్ల మీద పెట్టాను. పెట్టేటప్పుడు నా చెయ్యి ఆయన కాఫీ కప్పుకు తగిలి సాసర్లో ఒలికింది. కప్పు కాస్త అవతల ఉందనుకున్నాను. నా చెయ్యి ఇక ఎప్పటికీ అలాగే అనుకుంటుంది.

"ఎవరికీ ఏమీ కాదన్నారు గదా" అన్నాను. "మా వాడలో పద్ధతి ఒకటుంది సార్. పని తెచ్చినవాళ్లు కూడా ఓ చెయ్యి వేస్తారు. మొదటి వాటా మీరు వేయండి. తెలిసీ తెలియనంతే. మీరు తొడుక్కుంటే, ఇప్పుడే మీ ముందే నా కాగితం చింపేస్తాను."

ఫణీంద్ర గారు గ్లౌజు వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. ఆ చూపు తిప్పకుండానే కుడిచెయ్యి తీసి ప్యాంటు జేబులో దాచుకున్నాడు. ఆ చేతికి జేబు ఎక్కడుందో చూడకుండానే తెలిసింది.